హాక్లీవ్ రాజనీతి కావ్యం: నలభై మూడు ప్రతుల్లో అసలుది ఏది?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో పెడతాను, చదివే మిగతావాళ్లకీ అర్థమవుతుంది. పదిహేనో శతాబ్దపు ఇంగ్లీషు కవి థామస్ హాక్లీవ్ రాసిన 'ద రెజిమెంట్ ఆఫ్ ప్రిన్సెస్' మీద ఎం.ఏ. సెమినార్ పేపరు రాస్తున్నారు. ఆ కావ్యానికి 43 రాతప్రతులు మిగిలాయని ఒకచోట, అంతకంటే కాస్త ఎక్కువని మరోచోట చదివారు. కవి సొంత చేతిరాతలో ఉన్న ప్రతి లేదని ఒకరంటే, ఉందని ఇంకొకరన్నారు. ఇంతకీ అసలు ప్రతి ఏది, అచ్చు పుస్తకంలో మనం చదివేవి ఎవరి మాటలు అన్నది మీ సందేహం.

అంకె సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న విషయం. 1974లో ఎం.సి. సీమర్ ఈ ప్రతులన్నిటినీ వరసగా వర్ణించాడు. అప్పట్నుంచీ 43 అన్న లెక్కే వాడుకలో ఉంది. తేడా ఎక్కడొస్తుందంటే, ఎవరో తమకు నచ్చిన పది పద్యాలు వేరే సంకలనంలోకి ఎత్తి రాసుకుంటే దాన్ని ప్రతి అనాలా, అనకూడదా అన్నదగ్గర. కొందరు అంటారు, కొందరు అనరు. మీరు '43' అని రాసి, 'ముక్కలూ ఎత్తిరాతలూ కలిపితే లెక్క మారుతుంది' అని ఒక వాక్యం జోడిస్తే ఎవరూ తప్పు పట్టరు.

43 అంటే ఎక్కువా తక్కువా అనేది పోలికలో తెలుస్తుంది. హాక్లీవ్‌కు ముందుతరం కవి చాసర్ రాసిన 'కాంటర్‌బరీ టేల్స్'కి ముక్కలతో కలిపి 80కి పైగా ప్రతులున్నాయి. చాసర్ కాలపు కవే అయిన గవర్ రాసిన 'కన్ఫెషియో అమాంటిస్'కి దాదాపు 50. అదే చాసర్ రాసిన 'ట్రోయిలస్'కి 16 మాత్రమే. అంటే ఈరోజు పాఠ్యప్రణాళికల్లో ఒక మూలన పడి ఉండే హాక్లీవ్‌ను పదిహేనో శతాబ్దంలో జనం బాగానే చదివారన్నమాట.

ఇక అసలు ప్రశ్నకి. నేను ఇరవై ఏళ్లకు పైగా మధ్యయుగపు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. అందులో ఏడెనిమిదేళ్లు ఈ ఒక్క కావ్యం మైక్రోఫిల్ములు, ఫోటోలతోనే గడిచిపోయాయి. నేనూ మీలాగే 'అసలు ప్రతి'ని పట్టుకోవాలని మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో తేలింది వేరు: ఈ కవి తన పద్యాన్ని తానే రెండోసారి రాసినా ఒకేలా రాయలేదు. ఈ మాటకు రుజువు ఉంది, దానికి తర్వాత వస్తాను. ముందు ఆ మనిషి ఎవరో తెలియాలి, ఎందుకంటే ఈ కేసులో కవీ లేఖకుడూ ఒక్కడే.

హాక్లీవ్ కవిగా పొట్ట పోసుకున్నవాడు కాడు. మన పాత మాటలో చెప్పాలంటే రాయసగాడు. లండన్ పక్కన వెస్ట్‌మిన్‌స్టర్‌లో రాజుగారి ప్రివీ సీల్ కార్యాలయంలో గుమాస్తా. రాజు పేరు మీద వెళ్లే ఆజ్ఞలు, ఉత్తరాలు, అనుమతి పత్రాలు ఫ్రెంచిలో, లాటిన్‌లో రాసి ముద్రకు సిద్ధం చేయడం ఆయన పని. 1387 ప్రాంతంలో చేరి, ముప్పై అయిదేళ్లకు పైగా అదే బల్ల దగ్గర కూర్చున్నాడు. 1426లో చనిపోయాడు. స్ట్రాండ్ వీధి పక్కన చెస్టర్స్ ఇన్ అనే వసతిగృహంలో ఉండేవాడినని కావ్యంలో తనే చెప్పుకుంటాడు.

జీతం కథ కూడా తెలిసి ఉండాలి, కావ్యం పుట్టిందే అక్కడ. 1399లో నాలుగో హెన్రీ ఆయనకు ఏడాదికి 10 పౌండ్ల భత్యం మంజూరు చేశాడు. 1409లో దాన్ని 20 మార్కులకు పెంచారు, అంటే 13 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్సులు. కాగితం మీద బాగానే ఉంది. చేతికి రావడమే గగనం. ఖజానా ఎప్పుడూ ఖాళీ, బకాయిలు పేరుకుపోయేవి. 1410, 1411 సంవత్సరాల్లో రాజు జబ్బుపడి ఉండగా పాలన పగ్గాలు చాలావరకు యువరాజు హెన్రీ చేతిలో ఉన్నాయి. ఆయనే 1413లో అయిదో హెన్రీ అయ్యాడు. హాక్లీవ్ అదను చూసి ఆ యువరాజుకు అంకితంగా ఈ రాజనీతి కావ్యం రాశాడు. (అన్నట్టు, 'రెజిమెంట్' అనగానే సైన్యం గుర్తొస్తుంది. ఇక్కడ అది కాదు, పరిపాలన, నడిపించే పద్ధతి అని అర్థం. క్లాసులో ప్రతి ఏడూ కనీసం ఒకరైనా యుద్ధకావ్యం అనుకుని వచ్చేవారు.)

కాలం ఎలా తెలిసిందంటే, కావ్యంలో జాన్ బ్యాడ్‌బీ ప్రస్తావన ఉంది. మతద్రోహం నేరం మీద 1410 మార్చిలో స్మిత్‌ఫీల్డ్‌లో సజీవంగా కాల్చేసిన మనిషి. యువరాజు అతని మనసు మార్చాలని చూశాడని హాక్లీవ్ రాశాడు. కాబట్టి రచన దాని తర్వాతే. పైగా 'వచ్చే ఈస్టర్‌కి నా ఉద్యోగానికి ఇరవై నాలుగేళ్లు' అంటాడు. ఇవి కలుపుకుని 1410, 1411 అని పండితులు ఒక మాట మీద ఉన్నారు.

మొత్తం 5463 పంక్తులు. ఏడు పంక్తుల పద్యాలు 777, చివర యువరాజుకు చేరమని పుస్తకాన్ని సాగనంపే ఎనిమిది పంక్తుల పద్యాలు మూడు. ఇందులో మొదటి 2016 పంక్తుల్లో రాజనీతి దాదాపు లేదు! నిద్రపట్టక రాత్రంతా దొర్లిన కవి తెల్లారి పొలాల్లోకి నడుస్తాడు. ఒక ముసలి బిచ్చగాడు ఎదురై ఏమైందని అడుగుతాడు. ఇక మొదలవుతుంది తన డబ్బు గోల, పెళ్లి గోల, ఉద్యోగపు గోల. ఆ తర్వాతే న్యాయం, దయ, ఓర్పు, దాతృత్వం, లోభం, మంచి సలహా, శాంతి అంటూ రాజుకు కావలసిన గుణాల వరుస వస్తుంది. ఆ భాగానికి మూడు లాటిన్ పుస్తకాలు ఆధారం. అరిస్టాటిల్ అలెగ్జాండర్‌కు రాసినట్టు చెప్పుకునే 'సీక్రెటా సీక్రెటోరమ్', రోమ్‌కు చెందిన గైల్స్ రాసిన రాజనీతి గ్రంథం, చదరంగం బలగాల మీద యాకోబస్ డి సెసోలిస్ రాసిన ధర్మబోధ. రాజనీతి పద్యాలు మనకు కొత్త కాదు గనక ఈ రెండో భాగం తేలిగ్గానే ఎక్కుతుంది. నాకు మాత్రం మొదటి భాగమే ఇష్టం.

అందులో ఒక చోటు మీ పేపరులో తప్పక వాడుకోండి. ముసలివాడితో హాక్లీవ్ రాతపని గురించి చెబుతాడు. రాయడం తేలిక పని అని జనం అనుకుంటారు. చేతిపని చేసేవాళ్లు పాడుకుంటూ, కబుర్లాడుకుంటూ, నవ్వుకుంటూ చేస్తారు. మాకు ఆ భాగ్యం లేదు. మనసు, కన్ను, చెయ్యి మూడూ ఒకదాన్నొకటి వదలకూడదు. ఏ ఒక్కటి పక్కకు పోయినా రాత చెడుతుంది. నోరు మూసుకుని, నడుం వంచి, గొర్రెతోలు వంక గుడ్లప్పగించి చూస్తూ ఉండాలి. ఇరవై మూడేళ్ల పైన ఇలా చేస్తే పొట్ట, వీపు, కళ్లు మూడూ పోతాయి అంటాడు.

ఇది చదివినప్పుడల్లా మన తాళపత్రాల చివర లేఖకులు రాసుకునే శ్లోకం గుర్తొస్తుంది: 'భగ్నపృష్ఠకటిగ్రీవః స్తబ్ధదృష్టిరధోముఖః, కష్టేన లిఖితం గ్రంథం యత్నేన పరిపాలయేత్'. వీపు, నడుము, మెడ విరిగి, చూపు బిగుసుకుపోయి, తల వంచుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని. ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారి లేదు. తోలైనా తాటాకైనా, వంగి రాసేవాడి వీపు ఒకటే.

ఇక ప్రతులకు వద్దాం. అన్నిటికన్నా పాతవిగా, మంచివిగా లెక్కించేవి రెండు. రెండూ బ్రిటిష్ లైబ్రరీలోనే ఉన్నాయి: అరండెల్ 38, హార్లే 4866 (ముందున్నది సేకరణ పేరు, వెనకది అందులో ప్రతి సంఖ్య). రెండూ కవి బతికుండగానే, కావ్యం రాసిన కొద్దికాలానికే లండన్‌లో తయారైనవి. రెండింటిలోనూ పేజీకి నాలుగు పద్యాలు, అంటే 28 పంక్తులు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది. 5463ని 28తో భాగిస్తే 195 పేజీల చిల్లర వస్తుంది, అంటే దాదాపు 98 ఆకులు. ఆకుకు రెండు వైపులా కలిపి 56 పంక్తులు. కాబట్టి ఇలాంటి ప్రతిలో ఒకచోట సరిగ్గా 56 పంక్తులు కనబడకపోతే లేఖకుడు మరిచిపోయాడని అనుకోవద్దు, ఎవరో ఆకు లాగేశారు.

అరండెల్ 38లో జరిగింది ఇదే. ఆ ప్రతిలో యువరాజు నిలబడి ఉండగా ఎదురుగా ఒకాయన మోకరిల్లి ఉన్న బొమ్మ ఒకటి ఉంది, ఇద్దరి మధ్యా ఒక పుస్తకం. చాలాకాలం ఆ మోకరిల్లినవాడు హాక్లీవే అనుకున్నారు, పుస్తకాల అట్టల మీద కూడా అలాగే వేశారు. తీరా చూస్తే ఆయన బట్టలు గుమాస్తా బట్టలు కావు. ఆ ప్రతి జాన్ మౌబ్రే అనే ప్రభువు కోసం తయారైందనీ, యువరాజు ఆయనకు పుస్తకం ఇస్తున్నాడనీ తర్వాతి పండితులు కొందరు వాదించారు. నాకు ఆ వాదనే నచ్చుతుంది. జీతం అందక ఏడ్చినవాడికి అంత ఖరీదైన గౌను ఎక్కడిది? ఈ బొమ్మ అలాగే ఉంది గానీ, అదే ప్రతిలో ఇంకోచోట ఒక ఆకు లేదు. ఆ ఆకులోనే చాసర్ బొమ్మ ఉండాలి.

ఆ బొమ్మ సంగతి విడిగా చెప్పాలి. చాసర్ 1400లో చనిపోయాడు. హాక్లీవ్ ఆయన్ను తన గురువుగా చెప్పుకుంటాడు. మంచి సలహా గురించిన భాగంలో, పండగ రోజుల్లో రాజసభలు పెట్టొద్దని చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి చాసర్‌ను తలుచుకుని ఇలా అంటాడు: ఆయన ప్రాణం ఆరిపోయినా రూపం నాలో ఇంకా పచ్చిగానే ఉంది, ఆయన్ను మరిచిపోయినవాళ్లు ఈ బొమ్మ చూసి మళ్లీ కనుక్కోవాలని ఆయన పోలిక ఇక్కడ గీయించాను అని. అంటే పద్యంలోనే 'ఇక్కడ' అన్న మాట ఉంది. బొమ్మ లేకపోతే ఆ పద్యానికి చెయ్యి విరిగినట్టే.

హార్లే 4866 తెరిచి చూస్తే ఆ 'ఇక్కడ' ఏమిటో కళ్లకు కడుతుంది. పద్యం పక్కన మార్జిన్‌లో చాసర్ ఉంటాడు. నల్లటి గౌను, తలకు ముసుగు, తెల్లబడ్డ గడ్డం, ఎడమచేతిలో జపమాల, మెడ నుంచి వేలాడుతూ కలాల ఒర. కుడిచేతి చూపుడువేలు సూటిగా పద్యంలోకి చాపి ఉంటుంది, 'పోలిక' అన్న మాట ఉన్నవైపు. బొమ్మ పద్యాన్ని చూపిస్తుంది, పద్యం బొమ్మను చూపిస్తుంది. చాసర్ అనగానే మనందరి కళ్లముందూ కదిలే ముఖం చాలావరకు ఇదే. ఆయన పోలిక చూపే బొమ్మల్లో అన్నిటికన్నా పాతవాటిలో ఇదొకటి. ఆ వెంటనే వచ్చే పద్యంలో హాక్లీవ్ చర్చిల్లో ఉండే విగ్రహాలను సమర్థిస్తాడు, బొమ్మ చూస్తే దేవుడూ సాధువులూ గుర్తొస్తారని. ఆ రోజుల్లో విగ్రహాలు వద్దనే లొల్లార్డులన్న మతవర్గం గొడవ ముమ్మరంగా ఉంది. బ్యాడ్‌బీని కాల్చింది వాళ్ల పక్షం మనిషనే. కాబట్టి ఇది గురుభక్తి ఒక్కటే కాదు, ఎవరి పక్షాన ఉన్నాడో చెప్పుకోవడం కూడా.

ఇంత మంచి బొమ్మ ఉంటే ఏమవుతుంది? కోసుకుపోతారు. అరండెల్ 38లో ఆకే పోయింది. హార్లే 4826 అనే ఇంకో ప్రతిలోనూ కోత పడింది. దాన్ని చూసిన తర్వాతి కాలపు చదువరి ఎవరో ఒళ్లు మండి, ఆ ఖాళీ దగ్గరే నాలుగు పంక్తుల పద్యం రాసిపెట్టాడు: మనకు మేలు చేయడానికి ఎంతో రాసిన చాసర్ బొమ్మ ఇక్కడ ఉండేది, ఎవడో వెర్రి మూర్ఖుడు కోసేశాడు, వాడి బుర్ర గొడ్డుబుర్ర అని వాడి పనే చెబుతోంది అని. నేను ఈ ప్రతుల మీద చదివిన పరిశోధన వ్యాసాలన్నిటికన్నా ఆ నాలుగు పంక్తులు నాకు ఎక్కువ ఇష్టం. బొమ్మ మిగిలిన ఇంకొన్నిటిలో బ్రిటిష్ లైబ్రరీ రాయల్ 17 డి. 6 ఒకటి. అందులో చాసర్ నిలువెత్తున ఉంటాడు. ఆ ప్రతి అరండెల్ ఎర్ల్ విలియం ఫిట్జ్‌అలన్ కుటుంబానిది. ఫిలడెల్ఫియాలోని రోజన్‌బాక్ మ్యూజియం ప్రతిలోనూ బొమ్మ ఉంది గానీ, అది చాలా తర్వాత గీసి చేర్చిందని పండితుల అనుమానం. కాబట్టి 'నాలుగు ప్రతుల్లో బొమ్మ ఉంది' లాంటి వాక్యం ఎక్కడైనా కనబడితే ఆ నాలుగూ ఏవో, ఒక్కోటి ఎప్పటిదో చూడకుండా ఎత్తి రాయకండి.

ఇక కవి చేతిరాత. ఇక్కడే ఈ కావ్యం మిగతా మధ్యయుగపు ఇంగ్లీషు కావ్యాలకు భిన్నం. చాసర్ చేతిరాత ఇదీ అని అందరూ ఒప్పుకున్న కవిత ఒక్కటి కూడా లేదు. హాక్లీవ్‌వి మూడు పుస్తకాలున్నాయి! కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీలో రెండు, హెచ్.ఎం. 111, హెచ్.ఎం. 744. డరమ్ విశ్వవిద్యాలయంలో ఒకటి, కోసిన్ వి. 3. 9. ఇవన్నీ ఆయన చివరి ఏళ్లలో రాసుకున్నవి. ఇవికాక కార్యాలయపు నమూనా ఉత్తరాలన్నీ గుదిగుచ్చిన పెద్ద పుస్తకం కూడా బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. డరమ్ ప్రతికి మొదటి భాగం చిరిగిపోతే పదహారో శతాబ్దంలో జాన్ స్టో అనే లండన్ చరిత్రకారుడు తన చేత్తో పూరించి పెట్టాడు. ఇన్ని ఉన్నా మన రెజిమెంట్ మాత్రం వీటిలో దేంట్లోనూ లేదు. అమ్మ వంట తప్ప ఊళ్లో అందరి వంటా దొరికినట్టు.

హెచ్.ఎం. 111లో బెడ్‌ఫర్డ్ డ్యూక్ జాన్‌కు, అంటే యువరాజు తమ్ముడికి, రాసిన చిన్న పద్యం ఉంది. 'ఇది రెజిమెంట్ పుస్తకం చివర పెట్టినది' అని హాక్లీవే దానికి ఫ్రెంచిలో శీర్షిక పెట్టాడు. కాబట్టి బెడ్‌ఫర్డ్‌కు ఒక ప్రతి వెళ్లిందన్నది ఖాయం. ఆ చిన్న పద్యం రెజిమెంట్‌తో పాటు కనబడే ప్రతి రాయల్ 17 డి. 18. 2011లో లిన్ మూనీ ఈ ప్రతిని హాక్లీవే రాశాడని వాదిస్తూ పెద్ద వ్యాసం ప్రచురించింది. మీరు చదివిన 'ఉంది' అన్న మాట అక్కడిది. అక్షరాల పోలిక ఒక్కటే చాలదంటూ దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, 'లేదు' అన్నది వాళ్ల మాట. గుమాస్తాల చేతిరాతలు ఒకే బడిలో దిద్దినవి, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. పైగా ఒకే మనిషి ప్రభువుకు రాసేటప్పుడు ఒకలా, తన ఇంటికి రాసుకునేటప్పుడు ఒకలా రాస్తాడు. మీ పేపరులో ఈ తగువు తీర్చాల్సిన పని లేదు. ఇద్దరి వాదమూ చెప్పి, మీకు ఏది నమ్మబుద్ధి అయిందో ఎందుకో ఒక పేరా రాస్తే చాలు.

పైన బాకీపడ్డ రుజువు ఇప్పుడు. 'లెర్న్ టు డై' అనే ఆయన కవిత ఆ స్వహస్త ప్రతుల్లో రెండింటిలో ఉంది: హెచ్.ఎం. 744లో, డరమ్ ప్రతిలో. రెండూ ఆయన చెయ్యే. పక్కపక్కన పెట్టి చదివితే స్పెల్లింగులు తేడా, అక్కడక్కడా మాటలే తేడా. కవి మళ్లీ రాస్తూ మార్చుకున్నాడో, మరిచాడో, చెయ్యి తప్పిందో, ప్రతిచోటా మనం చెప్పలేం. కవి స్వహస్తమే రెండు రకాలుగా ఉన్నప్పుడు రెజిమెంట్‌కు ఒకే ఒక్క అసలు ఉండి తీరాలని పట్టుబట్టడంలో అర్థం లేదు. యువరాజుకు ఒకటి, బెడ్‌ఫర్డ్‌కు ఒకటి, ఇంకెవరికో ఇంకొకటి. ప్రతిసారీ చేత్తో రాయాల్సిందే, ప్రతిసారీ ఏదో ఒకటి కదులుతుంది.

అలాగని ఏ ప్రతి అయినా ఒకటే అనుకోవద్దు. హాక్లీవ్ పంక్తికి పది అక్షరాలు లెక్కపెట్టి మరీ రాసినవాడని స్వహస్త ప్రతులు చూపిస్తాయి. ఆ లెక్కలో మాట చివర వచ్చే 'ఎ' అచ్చు కీలకం. కావ్యం మొదటి పంక్తి చివరి మాట చూడండి. ఈరోజు ఇంగ్లీషువాళ్లు 'బిజ్‌నెస్' అని రెండే అక్షరాల్లో పలికేస్తారు. హాక్లీవ్ నోట్లో అది బి-సి-నెస్-సె, నాలుగు. దానర్థం కూడా వ్యాపారం కాదు, తీరిక లేకుండా సతాయించే చింత. పదిహేనో శతాబ్దం గడిచేకొద్దీ జనం ఆ చివరి 'ఎ'ని పలకడం మానేశారు. లేఖకులు కూడా ఇష్టం వచ్చినట్టు తీసేశారు, లేనిచోట పెట్టేశారు. పంక్తి చివరైతే నష్టం లేదు. నడుమ పోతే పదికి తొమ్మిదే మిగులుతాయి, గణం తప్పిన మన పద్యంలా చెవికి కుంటుతుంది. అప్పుడు ఇంకో లేఖకుడు ఆ లోటు పూడ్చడానికి ఏదో చిన్న మాట ఇరికిస్తాడు. పాఠభేదాల్లో చాలావాటి పుట్టుక ఇంతే. మన లేఖకుల ఇంకో శ్లోకం ఉంది కదా, 'యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా', ఎలా చూశానో అలా రాశాను, తప్పుంటే నాది కాదని. ఇంగ్లండులో అది ఎవరూ రాయలేదు గానీ అందరూ అదే మాట మీద ఉండి ఉంటారు.

ఈ 'ఎ' దగ్గర నేను పడ్డ తిప్పలు చెబితే మీకు మూడు వారాలు కలిసొస్తాయి. ఆ రోజుల గుమాస్తా రాతలో మాట చివరి అక్షరానికి ఒక తోక లాగుతారు, కొన్నిసార్లు పైన అడ్డగీత వేస్తారు. కొందరు లేఖకుల దగ్గర అది 'ఎ'కు గుర్తు, కొందరి దగ్గర ఉత్త సోకు. నేను తెలియక కనబడ్డ ప్రతి తోకనూ 'ఎ'గా రాసుకుంటూ నలభై ఆకుల దాకా ఎత్తాను. తర్వాత అక్షరాలు లెక్కేసుకుంటే పంక్తికి పదకొండు, పన్నెండు వస్తున్నాయి. హాక్లీవ్‌కు లెక్క రాదని కూడా ఒక నోటు రాసుకున్నాను, సిగ్గు లేకుండా! మొదటికి వెళ్లి అంతా దిద్దుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఒక ప్రతి ఎత్తిరాయబోయే ముందు ఆ లేఖకుడి తోకలు ఒక కాగితం మీద గీసుకుని, ఏ తోక ఏమిటో రెండు పేజీల్లో తేల్చుకోండి.

అచ్చు పుస్తకాల విషయానికి వస్తే, ఈ కావ్యం పూర్తిగా అచ్చయింది 1860లో. టామస్ రైట్, రాయల్ 17 డి. 6 ఆధారంగా వేశాడు. 1897లో ఫర్నివాల్, హార్లే 4866 ఆధారంగా ఇంకోటి తెచ్చాడు. ఇప్పుడు క్లాసుల్లో అందరూ వాడేది 1999లో చార్లెస్ బ్లైత్ తెచ్చినది, దానికి ఆధారం అరండెల్ 38. ఆ చిరిగిపోయిన ఆకు పాఠం సహజంగానే హార్లే 4866 నుంచి తెచ్చుకున్నాడు. ఇంకో సంగతి ఉంది, ఇది చాలామంది గమనించరు. బ్లైత్ స్పెల్లింగులు అరండెల్ లేఖకుడివి కావు. డేవిడ్ గ్రీతమ్ బృందం ఆ మూడు స్వహస్త ప్రతుల్లోని మాటలన్నిటికీ కవి వాడిన స్పెల్లింగుల పట్టిక కంప్యూటర్ మీద తయారుచేసింది. దాన్ని చూసుకుంటూ బ్లైత్ రెజిమెంట్ పాఠాన్ని కవి అలవాటుకు తగ్గట్టు మార్చాడు. 'అచ్చులో చదివేది ఎవరి మాటలు' అని మీరడిగారు కదా. మాటలు చాలావరకు అరండెల్ లేఖకుడు దింపినవి, ఒంటి మీది బట్టలు మాత్రం హాక్లీవ్ పెట్టెలోంచి తీసినవి. చదువుకోవడానికి ఇది హాయిగానే ఉంటుంది. కానీ 'అరండెల్ 38లో ఈ మాట ఇలా రాశాడు' అని బ్లైత్‌ను చూసి రాశారో, దొరికిపోతారు.

43 ప్రతులూ పంక్తి పంక్తీ పోల్చడం అంటే రెండు లక్షల పైచిలుకు పంక్తులు. అది మీ పని కాదు. నేనైతే ఇలా చేస్తాను. చాసర్ బొమ్మ పద్యం చుట్టూ ఉన్న ఎనిమిది పద్యాలు తీసుకుని, బ్లైత్ పాఠం ఒక వరుసలో, ఫర్నివాల్ పాఠం ఒక వరుసలో రాసుకోండి. ఈ రెండూ ఇంట్లో కూర్చుని ఉచితంగా చదువుకోవచ్చు. తర్వాత హార్లే 4866 ఆ పేజీ ఫోటో పక్కన పెట్టుకోండి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగాక బ్రిటిష్ లైబ్రరీ ఫోటోలు చాలాకాలం దొరకలేదు, ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. లేకపోతే ఆ ఒక్క పేజీ చాలా పుస్తకాల్లో అచ్చయింది, మీ లైబ్రరీలో చాసర్ మీద ఏ పెద్ద బొమ్మల పుస్తకం తీసినా ఉంటుంది. హాక్లీవ్ చెయ్యి ఎలా ఉంటుందో చూడాలంటే హంటింగ్టన్ వాళ్లు హెచ్.ఎం. 111 ఫోటోలు పెట్టారు.

ఎవరెవరు చదివారన్న కోణం మీకు నచ్చితే అదీ మంచి పేపరే. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్‌లోని డిగ్బీ 185లో రెజిమెంట్ ఒక చరిత్ర పుస్తకంతోనూ, ఒక వీరగాథతోనూ కలిసి ఉంది. లండన్ సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్ ప్రతి 134లో అదే కాలపు కవి లిడ్‌గేట్ భక్తికావ్యం, గవర్ కథలు పక్కన ఉన్నాయి. హార్లే 7333లో కాంటర్‌బరీ టేల్స్ తోడు. రాజకుమారుడికి చెప్పిన నీతిని రాజ్యం లేని పెద్దమనుషులూ మఠాలవాళ్లూ తమ ఇంటి పుస్తకంలో రాయించుకున్నారు. పక్కన ఏం పెట్టుకున్నారో చూస్తే దాన్ని ఏమనుకుని చదివారో తెలుస్తుంది. కొందరికి అది చరిత్ర, కొందరికి సద్గ్రంథం, కొందరికి చాసర్ బృందపు కవిత్వం.

మీ ఎనిమిది పద్యాల పట్టిక అయ్యాక ఫోటో తీసి పెట్టండి, చూస్తాను. తోకల కాగితం కూడా.